1942 విజయనగరంలో డిటెక్టివ్ కథ రాస్తున్నాను, ఫాయిల్స్ వార్ చూసినోళ్లెవరైనా ఉంటే చెప్పండి

గంటస్తంభం_కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది విజయనగరం. మేం నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి యూట్యూబ్‌లో పెట్టడానికి ఒక డిటెక్టివ్ సిరీస్ చేద్దామనుకుంటున్నాం, రాసేది నేను. కథ 1942లో జరుగుతాది. ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖపట్నం మీద బాంబులేసారు కదా, ఆ దెబ్బకి జనం పిల్లాపాపల్ని తీసుకుని ఊరొదిలీసి లోపలి ఊళ్లకి వచ్చీసారు, అలా విజయనగరం వచ్చి కోట దగ్గర ఇల్లు అద్దెకి తీసుకున్న ఒక బట్టల షావుకారు వారం తిరక్కుండా చచ్చిపోయి కనబడతాడు. మన సర్కిల్ ఇన్‌స్పెక్టర్ కేసు చూస్తాడు. చంపింది సొంత తమ్ముడే, ఆస్తి కోసం.

రాసింది మా డైరెక్టర్ చదివి ఒక్క మాటన్నాడు. "ఇందులోంచి యుద్ధం తీసీసి నిన్నగాక మొన్న జరిగినట్టు రాయి, ఒక్క సీను కూడా మారదు. మరి 1942 ఏటికి?" అని. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

నేను ఈ దారి పట్టిందే ఫాయిల్స్ వార్ అనే బ్రిటిష్ టీవీ సీరియల్ చూసి, అందులో రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఫాయిల్ అనే పోలీసాఫీసరు హత్య కేసులు చూస్తుంటాడు. అది రాసిన ఆంథనీ హోరోవిట్జ్ యుద్ధాన్నీ హత్యనీ ఎలా కలుపుతాడు, అతని పనితనం ఎక్కడుంది, బాగా చూసినోళ్లు విడమరిచి చెప్తే దాన్నిబట్టి మళ్లీ మొదట్నుంచి రాస్తాను. ఇంకోటి, చివర్లో ఇన్‌స్పెక్టర్ అందర్నీ కూర్చోబెట్టి ముడి విప్పితే హంతకుడు ఒప్పేసుకుంటాడు, ఆ సీను మాత్రం బానే వచ్చిందనుకుంటున్నాను, దాని మీద కూడా చెప్పండి.


రాత్రిసీరియళ్లు:

బ్రో, మీ డైరెక్టర్ని మాత్రం వొదులుకోకండి. ఫాయిల్స్ వార్ మొత్తం ఆయన అడిగిన ప్రశ్న మీదే నిలబడింది.

ముందు హోరోవిట్జ్ ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడండి. 2000లో ఇన్‌స్పెక్టర్ మోర్స్ అయిపోయింది, అక్కడి టీవీ ఛానల్ ఐటీవీ వాళ్లకి ఆ స్థానంలో ఇంకో పెద్ద డిటెక్టివ్ సీరియల్ కావాల్సొచ్చింది. ఇతను అప్పటికే అగాథా క్రిస్టీ డిటెక్టివ్ పోయ్‌రో టీవీ సీరియల్‌కి ఎపిసోడ్లు రాసి ఉన్నాడు, 1997లో మిడ్‌సోమర్ మర్డర్స్ మొదటి ఎపిసోడ్ కూడా ఇతనిదే. అంటే క్లూ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ కప్పాలి, చూసేవాడి కళ్లముందే ఉంచి కూడా కనబడకుండా ఎలా చెయ్యాలి అన్నది చెయ్యి తిరిగిన పని. ఫాయిల్‌లో కొత్తగా చేసిందేటంటే ఆ పజిల్‌ని తీసుకెళ్లి యుద్ధం క్యాలెండర్ మీద కూర్చోబెట్టాడు. ప్రతి ఎపిసోడుకీ ఒక నెలా ఒక సంవత్సరం ఉంటాయి, ఆ నెలలో ఇంగ్లండు దక్షిణ తీరంలో జనానికి ఏది భయం, ఏది కరువు, ప్రభుత్వం ఏది దాస్తోంది అన్నదాంట్లోంచే హత్య పుడతాది. 2002 అక్టోబరు నుంచి 2015 జనవరి దాకా 28 ఎపిసోడ్లు, ఒక్కోటీ ఒక సినిమా అంత, ఎక్కువ భాగం అతనొక్కడే రాసాడు. చరిత్ర తప్పులు పోకుండా లండన్లో ఇంపీరియల్ వార్ మ్యూజియం చరిత్రకారుణ్ణి సలహాకి పెట్టుకున్నారు.

మొదటి ఎపిసోడే తీసుకోండి. 1940 మే, హేస్టింగ్స్ ఊరు. జర్మనీ సైన్యం ఫ్రాన్సులోకి వచ్చేస్తోంది, బ్రిటన్‌లో ఉన్న జర్మన్లని పట్టుకెళ్లి క్యాంపుల్లో పెడుతున్నారు, ముసలీ ముతకా అని కూడా చూడట్లేదు. అదే ఊళ్లో ఒక మేజిస్ట్రేటు గారి భార్య జర్మన్, ఆవిడ మాత్రం హాయిగా గుర్రం మీద షికారు చేస్తోంది, ఎందుకంటే మొగుడు పెద్దమనిషి. ఒకరోజు చెట్ల మధ్య నుంచి గుర్రం వేగంగా వస్తోంది, రెండు చెట్లకి మధ్య సరిగ్గా మెడ ఎత్తులో సన్నటి తీగ కట్టి ఉంది. అంతే. ఆ తీగ ఎవడైనా ఎప్పుడైనా కట్టొచ్చు, హత్య పద్ధతిలో యుద్ధం లేదు, కానీ ఆ నెలలో ఆ ఊళ్లో ఆవిడ చచ్చిపోతే అనుమానించడానికి ఊరందరూ పనికొస్తారు. జర్మన్ అని చంపారా, జర్మన్ అన్న కోపం ఊరంతా ఉంది కాబట్టి దాని చాటున ఇంకేదైనా కారణంతో చంపారా? ఈ రెండో ప్రశ్నే డిటెక్టివ్ రైటర్‌కి అన్నం పెట్టేది. ఎవరు చంపారో చెప్పను, చూడని వాళ్లుంటారు.

ఇప్పుడు మీ షావుకారు దగ్గరకి రండి. బాంబులకి భయపడి విజయనగరం వచ్చాడన్నారు, బాగుంది, కానీ ఆ రావడం వల్లే చచ్చిపోవాలి. వైజాగ్‌లోనే ఉండి ఉంటే బతికేవాడు అన్నట్టుండాలి. ఇంటికి తాళాలేసి ఊరు ఊరంతా లేచిపోతే ఆ ఖాళీ ఇళ్లల్లో ఏం జరుగుతాది? రెండో సీజన్లో ఫిఫ్టీ షిప్స్ అని ఉంది, అందులో బాంబులు పడ్డ ఇళ్లకి మంటలార్పడానికి వెళ్లిన వాళ్లే సామాన్లు ఎత్తుకుపోతుంటారు. కాపాడ్డానికి వచ్చినోడే దొంగ, అది యుద్ధంలో తప్ప కుదరదు.

అదే ఎపిసోడ్ చివర (ఇక్కడ స్పాయిలర్ ఉంది, చూడని వాళ్లు ఈ పేరా వొదిలీండి) హంతకుడు ఎవరో ఫాయిల్‌కి తెలిసిపోతాది, సాక్ష్యం కూడా ఉంది, కానీ వాడు అమెరికా నుంచి వచ్చిన పలుకుబడి ఉన్న మనిషి, అమెరికా సాయం లేకపోతే బ్రిటన్ బతకదు, వాణ్ణి ముట్టుకోవడానికి లేదు. యాభై ఓడలంటే 1940లో అమెరికా బ్రిటన్‌కి ఇచ్చిన పాత యుద్ధనౌకలు. ఫాయిల్ వాడితో యుద్ధం ఎప్పటికైనా అయిపోతాది, అప్పుడు నీ కోసం వస్తాను అని చెప్పి వొదిలేస్తాడు. నిజం తెలిసీ న్యాయం జరగని ముగింపు అది. నాకైతే మొత్తం 28లో అదే గొప్ప రచన. యుద్ధం అక్కడ వెనకాల బొమ్మ కాదు, హంతకుడి తరఫు లాయరు.


వకాల్తా_శ్రీకాకుళం:

పైన రాసినాయన కథ సంగతి బాగా చెప్పారు. నేను శ్రీకాకుళం కోర్టుల్లో పనిచేస్తాను, మీ చివరి సీను గురించే నాకు పట్టింపు.

ఇన్‌స్పెక్టర్ ముందు హంతకుడు ఒప్పేసుకున్నాడు, కథ అయిపోయింది అన్నారు. బ్రిటిష్ సీరియల్లో అది చెల్లుతుంది, అక్కడ పోలీసులు హెచ్చరిక చెప్పి, ముద్దాయి తనంతట తాను చెప్పింది రాసుకుంటే ఆ మాట కోర్టులో సాక్ష్యమే. మన దగ్గర చెల్లదు. ఇండియన్ ఎవిడెన్స్ యాక్టు 1872 నుంచీ ఉంది, దాంట్లో సెక్షన్ 25 ప్రకారం పోలీసు ఆఫీసరు ముందు చేసిన కన్ఫెషన్ ముద్దాయి మీద రుజువుగా పనికిరాదు. అదే తెల్లవాడు తన దేశంలో తన పోలీసుని నమ్మాడు, ఇక్కడ పోలీసు కొట్టి ఒప్పిస్తాడని వాడికే తెలుసు కాబట్టి చట్టంలోనే తలుపేశాడు. ఇప్పుడు కొత్త చట్టంలో సెక్షన్ 23 అయింది గానీ సంగతి అదే. కాబట్టి మీ ఇన్‌స్పెక్టరు చివర్లో ఎంత బాగా మాట్లాడినా, తమ్ముడు ఎంత ఏడ్చి ఒప్పుకున్నా, మర్నాడు కోర్టులో నేను చెప్పలేదండీ అంటే ఆ ముక్కకి విలువ లేదు.

అలాగని మీ కథకి దారి లేదని కాదు, ఇంకా మంచి దారే ఉంది. సెక్షన్ 27 చూడండి. ముద్దాయి కస్టడీలో ఉండి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ వస్తువుకి సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది. అంటే మీ క్లైమాక్స్ నాలుగ్గోడల మధ్య కాదు, పెద్దచెరువు గట్టు మీద జరగాలి. చేతులు కట్టిన ముద్దాయి ముందు నడుస్తాడు, వెనకాల ఇన్‌స్పెక్టరు, ఇద్దరు మధ్యవర్తులు, మునసబో కరణమో, చుట్టూ ఊరి జనం. ఫలానా రాయి కింద అని చూపిస్తాడు, తవ్వితే కత్తి. అక్కడే కూర్చుని మధ్యవర్తినామా రాస్తారు, సాక్షులు సంతకాలో వేలిముద్రలో పెడతారు. ఆ సాక్షుల్లో ఒకడు రేపు కోర్టులో తిరగబడిపోతాడేమో, వాడు షావుకారుకి బాకీ ఉన్నాడేమో, చూడండి ఎంత కథ ఉందో.

ముద్దాయి నిజంగా ఒప్పుకోవాలనే ఉంటే సెక్షన్ 164 కింద మేజిస్ట్రేటు దగ్గరకి తీసుకెళ్లాలి. మేజిస్ట్రేటు పోలీసుల్ని బయటికి పంపించి, నువ్వు ఒప్పుకోవాలని రూలేం లేదు, ఒప్పుకుంటే నీ మీదే వాడతారు, ఎవరైనా బెదిరించారా అని అడిగి, అప్పుడు రాసుకుంటాడు. 1942లో ఉన్న 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో కూడా 164 ఉంది కాబట్టి ధైర్యంగా రాసుకోండి. శవం దొరికిన చోట చేసే పంచనామాకి 174.

ఇంకోటి బాబూ, అప్పటికి విజయనగరం జిల్లా లేదు, శ్రీకాకుళం జిల్లా కూడా లేదు. అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళాన్ని రికార్డుల్లో చికాకోల్ అని రాసేవారు, జిల్లా అయింది 1950లో, మీ విజయనగరం జిల్లా అయితే 1979లో. స్క్రిప్టులో "జిల్లా ఎస్పీ విజయనగరం" అని రాసుంటే మార్చండి.


గంటస్తంభం_కుర్రోడు:

వకీలు గారూ మీకు శతకోటి దండాలు, ఎస్పీ విజయనగరం అని నిజంగానే రాసి ఉంది, మార్చేస్తున్నాను. చెరువు గట్టు సీను చదవగానే మా కెమెరా వాడు ఎగిరి గంతేసాడు.

రాత్రిసీరియళ్లు అన్నా, వైజాగ్ ఖాళీ ఇళ్ల సంగతి బుర్రలో తిరుగుతోంది. కానీ ఒక డౌట్. ఫాయిల్ లాంటి ఇన్‌స్పెక్టర్ని రాద్దామని చూస్తే ఎందుకో అతకట్లేదు. పెద్దగా మాట్లాడడు, మర్యాదస్తుడు, నిజాయితీ, భార్య లేదు, కొడుకు ఎయిర్‌ఫోర్సులో. నేను కూడా అలాగే రాసాను, భార్య పోయింది, కొడుకు సైన్యంలో చేరాడు. ఏదో తేడా కొడుతోంది.


మూడులాంతర్లు:

తేడా ఎక్కడుందో నేను చెప్తాను, దీని గురించి నేను చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను.

ఫాయిల్ మాటిమాటికీ పైవాళ్లని అడుగుతాడు నన్ను యుద్ధం పనిలోకి తీసుకోండి అని, వాళ్లు పంపరు, ఇక్కడే ఉండి దొంగల్ని పట్టుకోమంటారు. వేలమంది చచ్చిపోతుంటే ఒక్క మనిషి చావు గురించి ఇంత వెతుకులాట ఎందుకు అని సీరియల్ పొడుగునా ఎవడో ఒకడు అతన్ని అడుగుతూనే ఉంటాడు. దానికి అతను ఉపన్యాసం ఇవ్వడు, పని చేసుకుంటూ పోతాడు. హోరోవిట్జ్ కట్టిన అసలు దూలం అదే, హంతకుడెవడు అన్నది దాని తర్వాతే. కానీ ఒకటి గమనించండి, ఆ యుద్ధం ఫాయిల్‌ది. వాళ్ల దేశం, వాళ్ల తీరం, వాళ్ల కొడుకు.

1942లో మన ఇన్‌స్పెక్టర్ది ఆ యుద్ధం కాదు. ఆ యుద్ధంలోకి మనల్ని ఎవరూ అడిగి దింపలేదు. ఏప్రిల్లో బాంబులు పడ్డాయి, ఆగస్టుకి క్విట్ ఇండియా వచ్చీసింది. అదే ఇన్‌స్పెక్టర్ ఏప్రిల్లో షావుకారు హత్య కేసు చూస్తాడు, ఆగస్టులో అదే టోపీ పెట్టుకుని కాలేజీ కుర్రోళ్లని లాక్కెళ్లాలి. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ కింద విచారణ లేకుండా జైల్లో పెట్టొచ్చు. ఊళ్లో ఎవడూ అతనికి నిజం చెప్పడు, హంతకుణ్ణి కాపాడాలని కాదు, సర్కారోడికి ఏటికి చెప్పాలని. పైన ఎస్పీ దొర, ఆయనకి ఈ షావుకారు ఎవడో అక్కర్లేదు, రైలు పట్టాలు ఎవడు పీకుతాడో అని ఆయన బెంగ ఆయనది. మీ ఇన్‌స్పెక్టర్ అటు దొరకీ చెందడు ఇటు ఊరికీ చెందడు. ఫాయిల్ ఒంటరితనం భార్య పోయిన మగాడి ఒంటరితనం. మనవాడికి ఇంటినిండా మనుషులుండాలి, పెళ్లాం ఉండాలి, తల్లి ఉండాలి, బావమరిది ఖద్దరు కట్టాలి, పండక్కి పిలిస్తే రాకూడదు. అయినా ఒంటరే అవ్వాలి.

అందుకే కొడుకుని సైన్యంలోంచి తీసీండి. అది హేస్టింగ్స్ నుంచి తెచ్చిన కొడుకు. మన కొడుకు వైజాగ్ ఏవీయన్ కాలేజీలో చదువుతుండాలి, ఆగస్టులో ఎక్కడుంటాడో తండ్రికి ముందే తెలిసుండాలి.


రంగం_మనవరాలు:

నాది ఆమదాలవలస దగ్గర పల్లి. సీరియల్ నేను సగమే చూసాను గానీ 1942 అంటే మా ఇంట్లో బాంబులు కాదు బాబూ, రంగం, అదే బర్మాలో రంగూన్. మా తాత రంగూన్లో బియ్యం మిల్లులో పనిచేసాడు, మా ఊళ్లో సగం ఇళ్లల్లో ఎవరో ఒకరు రంగం ఎళ్లినోళ్లే, ఇక్కడ వానల్లేక పంటల్లేక ఓడెక్కీసేవారు. 1941 డిసెంబర్లో రంగూన్ మీద జపానోళ్లు బాంబులేసారు, మార్చికల్లా ఊరు పట్టుకున్నారు, లక్షలమంది నడిచి వచ్చారు. అరకాన్ కొండల మీంచి కొందరు, ఇంఫాల్ వైపు నుంచి కొందరు, దారిపొడుగునా కలరాతో పోయినోళ్లు పోగా మిగిలినోళ్లు కలకత్తా చేరి రైలెక్కి చికాకోల్ రోడ్ స్టేషన్లో దిగారు. ఇప్పుడు మా ఆమదాలవలస స్టేషనే అది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ షావుకారు తమ్ముడు పదిహేనేళ్ల కిందట రంగం ఎళ్లిపోయినోడు అనుకోండి. 1942 మేలో ఒకడు వచ్చి నేనే నీ తమ్ముణ్ణి అంటాడు. బక్కచిక్కిపోయి, గెడ్డం పెరిగి, ఒంటిమీద కురుపులు, కాగితాలేటీ లేవు. చేతిలో ఒక రేకుపెట్టి, పెట్టి మీద తెల్లరంగుతో ఇంటిపేరు రాసుంటాది. ఆ రేకుపెట్టి అసలు మనిషిదే. పట్టుకొచ్చినోడు అసలు మనిషా, లేక దారిలో పక్కనే నడిచి, అతను కలరాతో పోతే పెట్టి తీసుకుని అతని కబుర్లన్నీ గుర్తుపెట్టుకుని వచ్చినోడా? నెలల తరబడి పక్కపక్కన నడిచినోళ్లు ఒకరికొకరు అన్నీ చెప్పుకుంటారు, ఇంటి గుమ్మం ఎటువైపుందో, చిన్నప్పుడు చెట్టుమీంచి పడితే దెబ్బ ఎక్కడ తగిలిందో అన్నీ. ఎవరిని అడుగుతారు? బర్మాకి ఉత్తరం రాయడానికి లేదు, అక్కడ జపానోళ్లున్నారు. ఆ ఒక్క సంవత్సరమే కుదురుతాది ఈ మోసం. మీ డైరెక్టరు అడిగినదానికి ఇది జవాబు అవుతుందేమో చూడండి.

బియ్యం సంగతి కూడా రాయండి. బర్మా నుంచి బియ్యం ఆగిపోతే ఇక్కడ ధరలు ఎక్కడికెళ్లాయో మా నాయనమ్మ చచ్చిపోయేదాకా చెప్తూనే ఉండేది. కొట్లో బస్తాలు దాచుకున్న షావుకారు అంటే ఊరు ఊరంతా అనుమానితులే. ఒక్క జాగ్రత్త, వైజాగ్‌లో బర్మా క్యాంపు ఉంది కదా, అది 1960ల్లో వచ్చినోళ్లది, ఈ కథతో కలిపీకండి.


రాత్రిసీరియళ్లు:

అక్కా, నాకు ఒళ్లు జలదరించింది. అదీ కథ!

తమ్ముడూ, పాత స్క్రిప్టులో ఆస్తి కోసం చంపిన తమ్ముణ్ణి పారెయ్యక్కర్లేదు, ఆస్తి అలాగే ఉంచు, తమ్ముణ్ణే అనుమానంలో పెట్టు. షావుకారు గుర్తుపట్టేసాడని చంపాడా? లేకపోతే వచ్చినవాడు నిజం తమ్ముడే అయ్యి, బస్తాల గొడవలో ఇంకెవడో చంపి, దొంగ తమ్ముడన్న పుకారు వాడే పుట్టించాడా? నేనైతే రెండోది రాస్తాను. ఊరు మొత్తం దొంగ అన్నవాడు నిజం తమ్ముడవ్వాలి.

మూడులాంతర్లు గారి ఇన్‌స్పెక్టర్ గురించి ఒక్కటి కలుపుతాను. ఫాయిల్ వేషం వేసిన మైకేల్ కిచెన్ డైలాగులు తగ్గించమని అడిగేవాడట, చూపుతో చెప్పగలిగేదానికి మాటెందుకని. ఆ సీరియల్ చూస్తే తెలిసిపోతాది, సగం సీన్లల్లో అతను టోపీ తీసి, బుగ్గ లోపల్నుంచి కొరుక్కుంటూ ఎదుటివాడు వాగింది వింటాడు, ఎదుటివాడు ఆ నిశ్శబ్దం భరించలేక ఇంకో మాట ఎక్కువ చెప్పేస్తాడు, క్లూ అక్కడుంటాది. రాసేటప్పుడు ఇన్‌స్పెక్టర్ ప్రశ్నలు మూడోవంతుకి కొట్టేసి, జవాబులు పొడుగు చెయ్యి.

ఒకటి మాత్రం వాళ్లు పడిన కష్టం మీరు పడకండి. 2007లో ఐటీవీ సీరియల్ ఆపేస్తున్నామంది. కథ అప్పటికి 1943 దాకా వచ్చి ఉంది, మిగిలిన మూడు ఎపిసోడ్లల్లోనే యుద్ధం ముగించాలి, దాంతో 1943 నుంచి ఒక్క గెంతులో 1944 ఏప్రిల్, అక్కణ్ణుంచి అక్టోబరు, తర్వాత 1945 మే. జనం ఒప్పుకోక 2010లో మళ్లీ తెచ్చారు, తర్వాత ఫాయిల్‌ని గూఢచారి శాఖలోకి పంపారు. మీ నాలుగైదు ఎపిసోడ్లకీ నెలలు ఇప్పుడే రాసి పెట్టుకోండి, ఏప్రిల్, మే, ఆగస్టు, దసరా తర్వాత సిరిమాను. డబ్బులయిపోయి మధ్యలో ఆపాల్సొచ్చినా ఏ ఎపిసోడుకా ఎపిసోడు ఒక కేసుగా నిలబడేలా ఉండాలి.


గంటస్తంభం_కుర్రోడు:

రంగం మనవరాలు గారూ, మీ రేకుపెట్టి వాడుకోవచ్చా? టైటిల్స్‌లో మీ తాతగారి పేరు వేస్తాం, మీకు ఇష్టమైతేనే. ఇన్‌స్పెక్టర్ కొడుకుని కాలేజీకి పంపించేసాను. మొదటి సీను చికాకోల్ రోడ్ స్టేషన్లో, రైలు దిగే జనం, పెట్టి మీద తెల్ల అక్షరాలు.

వకీలు గారికి ఒక ప్రశ్న: వచ్చినవాడు నిజం తమ్ముడే అని 1942లో కోర్టులో ఎలా తేలుస్తారు? డీఎన్‌ఏ లేదు కదా.


రంగం_మనవరాలు:

వాడుకో నాన్నా. పేరు వెయ్యక్కర్లేదు, రంగం ఎళ్లినోళ్లందరికీ అని వెయ్యి చాలు.


వకాల్తా_శ్రీకాకుళం:

మనుషులే సాక్ష్యం. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్లు, మంగలి, మంత్రసాని, చదువు చెప్పిన పంతులు. పుట్టుమచ్చలు, పాత దెబ్బలు. పాత ఉత్తరాలుంటే చేతిరాత. ఎవిడెన్స్ యాక్టులోనే సెక్షన్ 50 ఉంది, ఇద్దరి మధ్య చుట్టరికం ఉందా లేదా అన్నప్పుడు కుటుంబంలో వాళ్లకో, వేరే విధంగా బాగా తెలిసినవాళ్లకో ఉన్న అభిప్రాయం, వాళ్లు నడుచుకున్న తీరుని బట్టి తెలిసేది, కోర్టు చూస్తుంది. నోటితో తమ్ముడే అంటే చాలదు, తమ్ముడిలా చూసారా అన్నది ముఖ్యం.

అంటే వదినగారు అతనికి ఎక్కడ ఆకు వేసిందో అడగండి. వంటింట్లో మొగుడి పక్కన పీట వేసిందా, వీధి అరుగు మీద పెట్టిందా. మీ ఇన్‌స్పెక్టరు ఆ ఇంటి వంటమనిషిని ఈ ఒక్క ప్రశ్న అడిగి ఊరుకుంటే చాలు, మిగతాది ఆవిడే చెప్తుంది.